పచ్చి ముద్ద రుచి

రోజూ పొద్దున్నే కత్తులు కడిగి, దేవుడికి దండం పెట్టుకున్నాకే ఆమె తమ మాంసం కొట్టులో కైమా ముందు కూర్చునేది. ఉల్లి, మిరియాలు, ఉప్పు కలిపి, ఆ పచ్చి ముద్దలోంచి చిటికెడు నాలుక మీద వేసుకునేది. ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ ఉప్పు తప్పలేదు. అందుకే వీధి వీధంతా ఆమెను ఉప్పత్త అనేది. ముసలివాళ్ల పొట్లంలో తూకం అయ్యాక మరో గుప్పెడు వేసి, ఏమీ ఎరగనట్టు కట్టి ఇచ్చేది.

ఒకనాడు ఆమె కుడికంటి ముందు నల్లటి నలుసులు తేలాయి. చేత్తో తోలింది. చూపు ఎటు తిప్పితే అటే వచ్చాయి. మాంసం కొట్టే భర్త, లేని ఈగల్ని తోలే బదులు ఉన్నవాటిని తోలితే పుణ్యముంటుందన్నాడు. ఆమె కూడా నవ్వింది. వారం తిరిగేసరికి తక్కెడ ముల్లు మసకబారింది.

కంటి డాక్టరమ్మ చుక్కలు వేసి, కంటి లోపలి ఫొటో తీసి చూపించింది. నారింజరంగు చందమామలా ఉంది. దాని మీదో పాత మచ్చ, పక్కనే తెల్లగా కొత్త వాపు. ఇది ఒక పరాన్నజీవి పని అనీ, సరిగా ఉడకని మాంసంలో అది ఉండొచ్చనీ, మట్టి నుంచీ రావచ్చు గనుక ఏ దారిన వచ్చిందో ఖాయంగా చెప్పలేననీ వివరించింది. ఉప్పత్తకు భయం కన్నా ముందు ఆశ్చర్యం పుట్టింది. నోట్లో వేసుకున్నది కంట్లోకెలా పోయింది?

"నేను జల్లెడ పట్టినట్టు చూస్తాను తల్లీ. నాకు కనబడలేదే?"

"కనబడేదైతే మీరే ఏరి పారేసేవారు పెద్దమ్మా. రక్తంలో ప్రయాణం చేసి కంట్లో కాపురం పెట్టింది. లోపలి ఎరుపు పోయేదాకా ఉడికిస్తే చస్తుంది."

మందులతో వాపు తగ్గుతుందట. మచ్చ మాత్రం ఉండిపోతుందట. సరే, దేవుడు రెండో కన్ను ఇచ్చాడు కదా అనుకుంది ఉప్పత్త. ఇంట్లో ఇంకెవరైనా పచ్చిది రుచి చూస్తారా అని డాక్టరమ్మ అడిగేసరికి ఆమెకు కోడలు గుర్తొచ్చింది.

కోడలికి నాలుగో నెల. రెండు నెలలుగా ముద్ద కలపడం నేర్చుకుంటోంది. నాలుకే మన తూకమని నేర్పింది తానే. ఇప్పుడు మొదటిసారి సోకితే కడుపులో బిడ్డకూ చేరవచ్చు, ఆ బిడ్డ కళ్లకూ ముప్పేనంది డాక్టరమ్మ. రక్తపరీక్ష చేయాలంది.

నిన్ననే ఒక ఖాతాదారు, కోడలి చెయ్యి అత్తను మించిందని మెచ్చుకుంది. ఆ మాటకు ఉప్పత్త మూతి ముడవడం కోడలు చూడనే చూసింది. ఇప్పుడు తాను వద్దంటే అది వింటుందా?

ఉప్పత్త ఫోను తీసింది. చుక్కల మసకలో అంకెలు ఆనలేదు. డాక్టరమ్మ చేతిలో పెట్టింది.

"సాయంత్రం బేరానికి మళ్లీ ముద్ద కలిపే వేళయింది తల్లీ. మీరే ఫోను కలిపి, పచ్చిది నోట్లో పెట్టొద్దని మా కోడలికి చెప్పండి. నేను చెబితే కుళ్లనుకుంటుంది."