జావీద్ మొదటి రోజా

బోధన్ పట్టణ ప్రజలకు, చుట్టుపక్కల చెరకు రైతులకు, మా గల్లీలోని సమస్త పెద్దలకు... ఈ పోస్టు ద్వారా నా బహిరంగ క్షమాపణలు. నా డిగ్రీ పట్టా సాక్షిగా, తల వంచి మరీ రాస్తున్నాను. (తల వంచకపోతే ఫోన్ కనిపించదు, అది వేరే సంగతి.)

నాకు ముందు పళ్ళు రెండూ లేని రోజుల్లో... ఇస్లాం గురించి మా గల్లీ పిల్లలకు నేనే మహా పండితుణ్ని. అర్హత ఏమిటంటే, మా పక్కింటి జావీద్ నా దోస్తు. ఇంకేమీ లేదు.

నా ప్రవచనాలు ఇలా సాగేవి... ముస్లింలు మునిగే సూర్యుడికి మొక్కుతారు, అందుకే నమాజులో అందరూ పడమటికి తిరుగుతారు. మసీదులో వాళ్ళ దేవుడి విగ్రహాన్ని ఎవరికీ కనపడకుండా దాచిపెడతారు. రోజా ఉన్నవాళ్ళు ఉమ్ము మింగినా ఉపవాసం అవుట్.

విగ్రహం సంగతి తేల్చుకుందామని ఒకసారి మసీదు కిటికీ పట్టుకుని వేలాడాను కూడా. లోపల చాపలు, ఒక గోడ గడియారం, కునుకు తీస్తున్న ఒక ముసలాయన... అంతే.

"ఏం దేవులాడుతున్నవ్ రా?" కింద నుంచి జావీద్.

"మీ దేవుడేడి?"

"కనపడడు రా. ఒక్కడే ఉంటడు. బొమ్మ ఉండదు."

"మరి సూర్యునికెందుకు మొక్కుతరు?"

"సూర్యునికా? నీ మొఖం! గా దిక్కుల మక్కా ఉంది. అందరం ఒక్క దిక్కే తిరగాలె, గంతే."

నేను ఒప్పుకోలేదు. పండితులు అంత తేలిగ్గా ఒప్పుకోరు.

అప్పట్లో రంజాన్ చలికాలం మొదట్లో వచ్చేది... సరిగ్గా చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ దారి పట్టే రోజులు. బడి వదలగానే ట్రాక్టర్ వెనక పరుగెత్తి గడ లాగడం నా పని. నాకు పళ్ళు లేవు కాబట్టి దాన్ని పళ్ళతో ఒలవడం జావీద్ పని.

ఆ ఏడు వాడు మొదటి రోజా పట్టాడు. పిల్లల మొదటి రోజా అంటే వాళ్ళింట్లో చిన్న పెళ్ళే. కొత్త కుర్తా, గులాబీల దండ, నిజామాబాద్ నుంచి చుట్టాలు, సాయంత్రం ఇఫ్తార్‌కు గల్లీ అందరికీ పిలుపు... తెల్లవారకముందే సహరీ తిన్నవాడు పొద్దు మునిగేదాకా మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. బడిలో సారు వాడి భుజం తట్టి "శభాష్" అన్నారు. నా భుజం ఎవరూ తట్టలేదు.

బడి వదిలారు... ట్రాక్టర్ వచ్చింది. గడ లాగి, అలవాటుగా వాడి చేతిలో పెట్టాను. వాడూ అలవాటుగా ఒలిచాడు. ఒక ముక్క కొరికి, నమిలి, రసం మింగి... ఆగిపోయాడు. పిప్పి ఉమ్మేశాడు.

"అరే... నా రోజా!"

పండితుణ్ని నేను ఉండనే ఉన్నాను కదా.

"పోయింది," అన్నాను.

"మర్చిపోయిన రా..."

"మర్చిపోతే? మింగినవా లేదా? ఎట్లయినా పోయింది కదా, మిగిలింది గూడ తిను. ఉట్టిగ ఆకలికెందుకు సస్తవ్?"

వాడు ఏడుస్తూ ఒలిచాడు... ఏడుస్తూనే తిన్నాడు. మధ్యమధ్యలో నాకు ఒలిచివ్వడం మాత్రం మానలేదు.

సాయంత్రం వాళ్ళ వాకిట్లో చాపలు పరిచారు. ఖర్జూరాలు, పండ్ల ముక్కలు, వేడి వేడి మిర్చీ బజ్జీలు... మధ్యలో దండ వేసుకుని జావీద్. పక్కన నేను. మసీదు మైకులో అజాన్ మొదలైంది. వాళ్ళ దాదీ, అంటే నాయనమ్మ, ఖర్జూరం తీసి వాడి నోటికి అందించింది. వాడు నోరు తెరవలేదు.

"దాదీ... నా రోజా లేదు. చెరుకు తిన్న."

"మర్చిపోయి తిన్నవా బేటా?"

"హౌ."

అందరూ నవ్వేశారు. "గంతేనా! మర్చిపోయి తింటే అల్లానే తినిపించినట్టు రా పిచ్చోడా. రోజా పోదు. యాదికొచ్చినంక ఆపితే సాలు," అంది దాదీ.

"ఆపలే," అన్నాడు జావీద్. "ఒక్క ముక్కనే మర్చిపోయి తిన్న. తర్వాత గడంతా తెలిసే తిన్న."

దాదీ చేతిలో ఖర్జూరం కిందికి దిగింది.

"ఎందుకు బేటా?"

"ఎట్లయినా పోయింది అనుకున్న."

అనుకున్నానన్నాడు. ఎవరు చెప్పారో చెప్పలేదు. నా వైపు చూడనైనా లేదు. నా నోటినిండా మిర్చీ ఉంది... నములుతూనే ఉన్నాను.

దాదీ వాణ్ని ఒళ్ళోకి లాక్కుంది. "నువ్వింక పిల్లగానివి. రోజా నీకు తప్పనిసరి కాదు. రేపు మల్ల ఉందువు తియ్," అంది. వాడు మాత్రం దండ తీసి పళ్ళెంలో పెట్టేశాడు. చుట్టాలు ఎంత బతిమాలినా మళ్ళీ వేసుకోలేదు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ లేదు... ఆ దారిలో చెరకు ట్రాక్టర్లూ లేవు. జావీద్‌కు నిజామాబాద్‌లో టైర్ల దుకాణం ఉంది. ఏటా ఇఫ్తార్‌కు పిలుస్తాడు. నేను వెళ్ళి హలీం ఫోటో పెడతాను, మీరు లైకులు కొడతారు. అప్పుడు ఏదైనా తెలియకపోతే కిటికీ పట్టుకుని వేలాడేవాళ్ళం... ఇప్పుడు తెలియకపోయినా ఫార్వర్డ్ చేసేస్తున్నాం. మీరూ చిన్నప్పుడు పక్కింటివాళ్ళ దేవుడి మీద ఇలాంటి పాండిత్యం వెలగబెట్టి ఉంటే కింద రాయండి. మొహమాటం వద్దు, పరువు పోగొట్టుకోవడంలో మీకంటే ముందు నేనున్నాను.

ఇక మొదట్లో చెప్పిన క్షమాపణలు... అవన్నీ ఉత్తవే. సూర్యుడు, విగ్రహం, ఉమ్ము... అదంతా తెలియనితనం, ఎవరైనా నవ్వి వదిలేస్తారు. నేను నిజంగా చేసింది ఒకటే.

ఆ రోజు పొద్దున కొత్త కుర్తా చూద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. జావీద్ స్నానం చేస్తున్నాడు. దాదీ నన్ను దగ్గరికి పిలిచింది. "బేటా, నువ్వు వాని ఎంబడే ఉంటవ్ కదా. మర్చిపోయి ఏమన్న నోట్ల పెట్టుకుంటే ఉమ్మేయమను. రోజా పోదని చెప్పు. లేకుంటే ఏడుస్తడు వాడు," అంది.

"సరే దాదీ," అన్నాను.

చెరకు గడ వాడి చేతిలో ఉన్నప్పుడు ఆ మాట నాకు గుర్తుంది.