మా సారుకు చేతికర్ర అక్కర్లేదు

మా చిన్నప్పుడు మా ఊరి బడికి ఇంగ్లీషు సారు తొర్రూరు నుంచి వచ్చేవారు... పాలకుర్తి దారిలో బస్సు దిగి, చెప్పులు చేత పట్టుకుని, పొలం గట్ల మీద నడిచి వచ్చేవారు. దూరంగా ఆ తెల్ల చొక్కా కనబడగానే మేం గోనెపట్టాలు దులిపి వరుసగా పరుచుకునేవాళ్ళం.

నేను చదివింది ఏడు తరగతులే. అయినా చెబుతున్నా, అలాంటి సారు ఇప్పటి అద్దాల బళ్ళలో కూడా దొరకరు. కాదన్నవాళ్ళు కింద రాయండి, నాకేం భయం లేదు.

అంతకుముందున్న సారు మా మాటకు నవ్వేవాడు. మేం 'ఏంది' అంటే చాలు, మూతి వంకరగా పెట్టి తిరిగి అనేవాడు. దాంతో పిల్లలం బడిలో నోరు తెరవడమే మానేశాం...

ఈ సారు వచ్చిన రోజే నా జోడీగాడు యాకూబ్‌ను లేపి, "ఏం బాపూ, పొద్దుగాల ఏం తిన్నవ్?" అన్నారు.

"సల్ల వోసుకొని జొన్న గటుక తిన్న సార్."

"నేను గూడ గదే తిన్న."

అంతే. ఆ రోజు నుంచి మేం ఆయన మనుషులం.

ఇంగ్లీషులో మాకు మింగుడుపడనిది ఒక్కటే... ఒక్కరు వస్తే 'కమ్స్' అనాలట, నలుగురు వస్తే 'కమ్' అనాలట. మనుషులు పెరిగితే మాట పెరగాలి గానీ తగ్గుడేమిటి? ఎంత చెప్పినా మా తలకెక్కలేదు.

ఒకనాడు సారు మమ్మల్ని బడి బయటికి తీసుకుపోయారు. దారిలో ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ వస్తున్నాడు. ఆయన వెనకాల నాటుకు పోయే ఆడవాళ్ళు గుంపుగా, నవ్వుకుంటూ వస్తున్నారు.

"సూడుండ్రి," అన్నారు సారు. "ఒక్కడే వస్తే చేతికర్ర కావాలె. గా కర్రనే కమ్స్ ఆఖర్ల ఉండే ఎస్సు. గీళ్ళు గింతమంది కలిసి వస్తున్నరు, కర్రెందుకు? ఒకలకొకలు ఆసరా గద."

ఇక చూడండి... వారం రోజులు ఊళ్ళో మాదే రాజ్యం. బర్రె ఒక్కటే వస్తే "కర్ర పెట్టు, కమ్స్". మేకలు మందగా వస్తే "కర్ర తియ్యి, కమ్". మా అవ్వ పాలు పిండుతూ, "మంచిగనే ఉన్నది, రేపటికెల్లి బర్రె గూడ ఇంగిలీషుల అరుస్తది" అనేది.

అంతలో తనిఖీకి పెద్దసారు వస్తున్నాడని కబురొచ్చింది. మా సారు ముఖంలో ఆ పాత కళ పోయింది. ఏమైందని యాకూబే అడిగాడు.

"మీకు ఇంగ్లీషు రాదని తేలితే నన్ను గోదారి ఒడ్డుకు, మహదేవపూర్ దిక్కు పంపిస్తరట బాపూ," అన్నారు సారు నవ్వుతూనే.

మాకు మాత్రం నవ్వు రాలేదు. ఈయన పోతే మళ్ళీ ఆ వెక్కిరించే సారే వస్తాడేమోనని మా భయం...

పెద్దసారు జీపులో వచ్చాడు. నల్లటి కళ్ళద్దాలు. కుర్చీ వేసినా కూర్చోలేదు, నేరుగా నన్నే లేపాడు.

"కుక్క వస్తుంది. ఇంగ్లీషులో చెప్పు."

"డాగ్ కమ్స్ సార్."

"పిల్లలు వస్తారు?"

"బాయ్స్ కమ్ సార్."

మా సారు ముఖం వెలిగింది. పెద్దసారు ఆయన వైపే చెయ్యి చూపి, "మీ టీచర్ వస్తాడు?" అన్నాడు.

"టీచర్ కమ్ సార్."

యాకూబ్ వెనక నుంచి నా లాగు గుంజాడు. మా సారు గోడకు ఆనుకున్నారు.

"తప్పు. ఆయన ఒక్కడే కదరా?"

నాకు తెలుసు. తెలిసే అన్నాను. "కుక్కకు కమ్స్ అన్న గద సార్. మా సారుకు గూడ గదేనా? మా ఇండ్లల్ల సారు వచ్చిండు అంటే వీపు పగులుతది. వచ్చిండ్రు అనాలె."

"అది తెలుగులో. ఇంగ్లీషులో ఒక్కడంటే ఒక్కడే."

"ఒక్కలెట్లయితరు సార్? మేం గింతమందిమి లేమా? మా సారుకు కర్ర అక్కర్లేదు."

పెద్దసారుకు ఈ కర్ర సంగతి అర్థం కాలేదు. అడగకముందే యాకూబ్ లేచి అంతా చెప్పాడు... ముసలాయన, నాటుకు పోయే ఆడవాళ్ళు, ఆఖరికి మా ఇంటి బర్రెను కూడా వదల్లేదు. పెద్దసారు కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"మరి నేను వస్తే ఏమంటావురా?"

"మిమ్ముల ఇయ్యాల్నే సూస్తున్న సార్. ఇప్పటికైతే కమ్సే."

బడి పెంకులు లేచిపోయేటట్టు నవ్వారందరూ. మా సారు కూడా.

జీపెక్కుతూ పెద్దసారు మా సారు భుజం మీద చెయ్యి వేసి, "పరీక్షలో మాత్రం కర్ర పెట్టమనండి," అన్నాడు.

పెట్టాను, పాసయ్యాను. మా సారు గోదారి ఒడ్డుకు పోలేదు. నేను ఏడు దాటేదాకా ఆ తెల్ల చొక్కా గట్ల మీద వస్తూనే ఉంది...

ఇప్పుడు నా మనవరాలు ఫోన్లో ఇంగ్లీషు నేర్చుకుంటోంది. తప్పైతే ఎర్రగా మెరుస్తుంది, ఒప్పైతే పచ్చగా. మంచిదే. కాకపోతే ఆ ఫోను పొద్దున ఏం తిన్నవని అడగదు.

మా సారు కర్ర కథ దానికెప్పుడో చెప్పాను. మొన్న నేను చేతికర్ర పట్టుకుని గడప దాటుతుంటే, "తాత కమ్స్" అంది.

"నాకు కర్రెందుకు పెట్టినవే?"

"ఒక్కనివే వస్తున్నవ్ గద తాతా."

"మరి నువ్వు లేవా?"

 అది ఫోను అరుగు మీద పడేసి వచ్చి, నా చేతిలోని కర్ర లాక్కుని, చెయ్యి పట్టుకుంది.

"అయితే తాత కమ్," అంది.

మీ బడిలోనూ ఇలాంటి సారు ఒకరు ఉండే ఉంటారు... ఎవరో, ఏం చెప్పారో రాయండి. చిన్న అక్షరాలు నాకు ఆనవు గానీ, చదివి పెట్టడానికి మనిషి ఉంది.