బెటడిన్ పసుపుతాడు

ఆ రోజుల్లో నాకు రక్తం చూస్తే భయం లేదు, శవాన్ని చూస్తే భయం లేదు, పెద్ద డాక్టరు గారు కేకలేసినా పెద్దగా పట్టించుకునేదాన్ని కాదు. కోర్టంటే మాత్రం ఒళ్ళంతా చెమటలు పట్టేవి. (కోర్టు మొహం ఎన్నడూ చూడలేదు లెండి. బస్సులోంచి దాని ప్రహరీ గోడ కనిపించేది, అంతే.) ఆ భయం పెట్టింది మా హెడ్ సిస్టరు గారు. నర్సింగు పాసై, సామర్లకోట నుంచి రోజూ కాకినాడ వెళ్ళి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కొత్తగా చేస్తున్నాను. మందు ఇచ్చి రాయడం మర్చిపోయినా, మంచం పక్క కమ్మీ ఎత్తకుండా కదిలినా ఆవిడ తిట్టేవారు కాదు. కళ్ళజోడు ముక్కు చివరికి దించి, చాలా మెల్లగా, "రేపు కోర్టులో జడ్జిగారు అడిగితే ఏం చెప్తావమ్మా?" అనేవారు. అందుకే చాటుగా ఆవిడకి కోర్టు సిస్టరు అని పేరు పెట్టుకున్నాం. క్యాంటీన్లో నా ఉప్మా ప్లేటు పక్కమ్మాయి ప్లేటుతో మారిపోయినా జడ్జిగారు ఏమంటారో అని దిగులుపడే స్థితికి వచ్చేశాను.

మా వార్డులోకి పేగు ఆపరేషన్ కోసం ఉప్పాడ మామ్మ వచ్చింది. తలమీద గంప పెట్టుకుని ఊరూరా చేపలమ్మిన మనిషి, గొంతు విప్పితే కింద మందుల షాపు దాకా వినిపించేది. తనకి నేను తప్ప ఇంకెవరూ సూది వెయ్యకూడదని పంతం. "చేప పొట్ట కోసినంత తేలిగ్గా కోసేత్తాడా మీ డాక్టరు?" అని అడిగేది. నాకు పెళ్ళి కాలేదని తెలిసిన దగ్గర్నుంచీ, సొంత బోటున్న మేనల్లుడు ఉన్నాడని రోజుకోసారి గుర్తుచేసేది. (మేం చర్చికి వెళ్ళేవాళ్ళమని చెబితే, బోటుకి కులమూ మతమూ ఏంటని కసిరింది.) వాళ్ళాయన మాత్రం మాట్లాడేవాడు కాదు. మంచం పక్కన నేలమీద కూర్చుని ఆవిడ మాటలు వింటూ ఉండేవాడు, పాపం.

ఆపరేషన్ రోజు పొద్దున్న ఆ తాత రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకి వెళ్ళాడు. థియేటర్ నుంచి పిలుపు వచ్చేసింది. ఒంటి మీద బంగారం ఉంచకూడదు. ఇద్దరు సాక్షుల ముందు తీసి, రిజిస్టర్లో రాసి, ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టించుకుని వాళ్ళకే అప్పగించాలి. ఇంటివాళ్ళు లేకపోతే బీరువాలో పెట్టాలి. తాళం చెవి చూస్తే హెడ్ సిస్టరు గారి కొంగున, ఆవిడేమో మీటింగులో. మామ్మ మెడలో పసుపుతాడుకి రెండు పుస్తెలు. ఆయన బతికుండగా తియ్యనంది. నేను బతిమాలాను, వార్డు ఆయమ్మ బతిమాలింది, థియేటర్ వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. మెడ బోసిగా ఉంచకూడదు, పుస్తెలు తీస్తే మారుగా పసుపుకొమ్ము కట్టాలట. ఆసుపత్రిలో పసుపుకొమ్ము ఎక్కడ తెస్తాను? నాకు తట్టిన తెలివి చూడండి, బ్యాండేజీ గుడ్డ సన్నగా చింపి, గాయాలకి పూసే బెటడిన్లో ముంచి, ఆరాక, మెడలో ఏదీ ఉండనివ్వరు కాబట్టి ఆవిడ కుడి మణికట్టుకి కట్టాను. మామ్మ అటూ ఇటూ తిప్పి చూసుకుని, రంగు బాగానే ఉందని నవ్వేసింది. పుస్తెలు నేను జేబులో వేసుకోబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"జేబులో వద్దమ్మా. పెట్టిలో పెట్టినవన్నీ సముద్రం పట్టుకుపోయింది, ఇంటితో సహా. మెళ్ళో ఉండబట్టి ఇదొక్కటీ మిగిలింది. నువ్వు మెళ్ళో ఏసుకో. నేను కళ్ళు తెరిచేతలికి మళ్ళీ నా మెళ్ళో ఉండాల. తెరవకపోయినా నా మెళ్ళోనే ఉండాల."

తెరవకపోవడం ఏంటి మామ్మా అని కసిరి, తల దూర్చి వేసుకుని, యూనిఫాం లోపలికి తోసేశాను. తాత రాగానే ఇచ్చేద్దామనుకున్నాను. అంతలో లారీ గుద్దిన కుర్రాణ్ణి తెచ్చారు. ఆపరేషన్ అయ్యాక మామ్మని మా వార్డుకి కాకుండా ఐసీయూకి తీసుకెళ్ళారు, తాతా ఆ గుమ్మం దగ్గరే ఉండిపోయాడు. డ్యూటీ దిగేటప్పుడు సిరంజిలతో సహా అన్నీ లెక్క చెప్పి అప్పగించి బస్సెక్కేశాను, నా మెళ్ళో ఉన్నది తప్ప.

సాయంత్రం పెరట్లో మొహం కడుక్కుందామని వంగితే పుస్తెలు బయటికి జారి వేలాడాయి. అమ్మ చేతిలో చెంబు కిందపడింది. నన్ను నోరు తెరవనిస్తేగా! ఎవడే వాడు, ఏ ఊరు, ఉద్యోగం ఉందా అని తనే అడిగి, లేదని తనే తీర్మానించుకుని, చూరు కింద చతికిలబడి ఏడుపు మొదలెట్టింది. మా నాన్న చర్చిలో సంఘపెద్ద, పాస్టరు అయ్యగారికి కుడిచెయ్యి. పేపరు మడిచి పక్కన పెట్టి, "అయ్యగారికి ఏం చెప్పాలి?" అని ఒక్క మాట అన్నారు. (ఇంట్లో కూడా నాకు కోర్టే.) అప్పుడే నా ఫోన్ మోగింది. వాడేనని అమ్మ లాక్కుని, "ఎవరు బాబూ నువ్వు?" అని గద్దించింది. అవతల హెడ్ సిస్టరు గారు. వింటూ వింటూ అమ్మ గొంతు దిగిపోయింది.

"ఎవరో మామ్మ పోయిందంట. పుస్తెలు కనపడట్లేదని గొడవంట."

ఫోన్ తీసుకున్నాను. వస్తువు నా దగ్గర ఉందా లేదా ఒక్క మాటలో చెప్పమన్నారు. మెళ్ళో ఉందండీ అన్నాను. ఎవరి మెళ్ళో అన్నారు. నా మెళ్ళో అన్నాను. రిజిస్టర్లో నా రాత లేదని, మామ్మ చుట్టాలు దొంగతనం కేసు పెడతామంటున్నారని, అది నిలబడితే నా నర్సు రిజిస్ట్రేషనే పోతుందని, వెంటనే రమ్మని చెప్పారు. నేను అవన్నీ వింటున్నానే గాని, కళ్ళు తెరవకపోయినా అన్న మామ్మ మాటే చెవిలో ఉండిపోయింది. జరిగింది ఇంట్లో చెప్పి, తాడు తీసి సంచిలో పెట్టబోతే అమ్మ వద్దంది, ఆవిడ ఎలా ఇచ్చిందో అలాగే తీసుకెళ్ళమంది. ఇందాక ఒకందుకు ఏడ్చిన మనిషి ఇప్పుడు ఇంకొకందుకు ఏడుస్తోంది. నాన్నా నేనూ ఆటో ఎక్కాం. మెళ్ళో పుస్తెలు, ముక్కు ఎగబీలుస్తున్న నేను, పక్కన నాన్న. ఆటో అతను అద్దంలో చూసి, అత్తారింటికాండి అని జాలిగా అడిగాడు. జన్మలో అబద్ధం ఆడని మా నాన్న ఊఁ అన్నారు.

మామ్మని తిరిగి మా వార్డులోకే తెచ్చి పడుకోబెట్టారు, చుట్టూ చుట్టాలు. నన్ను చూడగానే తాత తమ్ముడు, మెళ్ళో వేసుకుని ఊరేగుతోంది చూడండని అరిచాడు. హెడ్ సిస్టరు గారు రిజిస్టరు పట్టుకుని, ఎవరి ఎదుట తీశావు, ఎవరికి చెప్పావు అని అడిగారు. ఎదుట ఉన్న ఆయమ్మ కూడా డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. మామ్మ అన్న మాటలు అన్నట్టే చెప్పేసి ఏడ్చాను. నేలమీద కూర్చున్న తాత లేచి, దుప్పటి తీసి, మామ్మ మణికట్టు పైకెత్తాడు. బెటడిన్ గుడ్డ అలాగే ఉంది.

"ఇది నువ్వే కట్టావా అమ్మా?"

తలూపాను. ఆయన తమ్ముడి వైపు తిరిగి, "దొంగలు మారు కట్టి తీసుకెళ్తార్రా?" అన్నాడు.

నేను పుస్తెలు తీసి ఆయన చేతిలో పెట్టాను. తలమీంచి వేయడానికి ఆవిడ మెడ ఎత్తలేక, తాడు ముడి విప్పి, మెడ చుట్టూ తిప్పి మళ్ళీ కట్టడం మొదలెట్టాడు. ఇన్నేళ్ళు వలలు ముడేసిన చేతులు, ఆ మూడు ముళ్ళూ వేసి, విప్పి, మళ్ళీ వేస్తున్నాయి. హెడ్ సిస్టరు గారు రిజిస్టరు మూసి చంకలో పెట్టుకుని, ముందుకొచ్చి మామ్మ తల మెల్లగా ఎత్తి పట్టుకున్నారు. తాత బెటడిన్ గుడ్డ మాత్రం విప్పలేదు.

మర్నాడు నాకు మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే, నేనైనా ఇస్తాను. కొన్నాళ్ళకి చర్చిలో పెళ్ళై నా మెళ్ళో పుస్తెలు పడుతుంటే, అమ్మ నా చెవిలో, "ఈసారి రిజిస్టర్లో రాయించావా?" అంది. నవ్వబోయి ఏడ్చాను. అయ్యగారు నా భక్తికి సంతోషించారు.

ఇప్పుడు హెడ్ సిస్టర్ని నేనే. కళ్ళజోడు కూడా వచ్చింది. బంగారం తీస్తే సాక్షులు, సంతకాలు, రేపు జడ్జిగారు అడిగితే ఏం చెప్తావమ్మా అని కొత్త పిల్లల ప్రాణం తీస్తుంటాను. చాటుగా నాకేం పేరు పెట్టారో నాకు తెలుసు. కాని నా టేబుల్ సొరుగులో ఎప్పుడూ ఒక పసుపుకొమ్ము, కాస్త దారం ఉంటాయి. మొన్న తనిఖీకి వచ్చినాయన చూసి, ఇది ఏ రూలు కింద ఉంచారండీ అని అడిగారు. మామ్మ రూలండీ అనబోయి, మానేసి, సొరుగు మూసేశాను.