మగ్గం మీది సగం జంపఖానా

నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నా మాటల్ని పుస్తకాల్లో ఉండేటట్టు సరిచేసి రాస్తానంది. సరేనన్నాను. నా తప్పును మాత్రం సరిచేయొద్దన్నాను.

మాది వరంగల్ కాశిబుగ్గ. నా భర్త జంపఖానాలు నేసేవాడు. మా ముందు గదిలో సగానికి పైగా మగ్గమే. రెండేళ్ల కింద ఒకరోజు నేస్తూ నేస్తూ ఛాతీలో మంటగా ఉందని లేచాడు. దవాఖానకు పోయిన మనిషి తిరిగి రాలేదు. జంపఖానా ఎక్కడ ఆగిందో అక్కడే ఉండిపోయింది. నేసినంత మేర ఎరుపు, నీలం పట్టీలు. ఆ పైన ఇంకా నేయని ఉత్త పడుగు దారాలు, నిలువుగా. ఆ దారాల మీద ఆయన బొగ్గుతో గీతలు గీసుకున్నాడు. రంగు ఎక్కడెక్కడ మారాలో చెప్పే గుర్తులని నాకు తర్వాతే తెలిసింది. రోజూ దాని పక్క నుంచే వంటింట్లోకి పోయేదాన్ని. కింద ఊడ్చేదాన్ని. చేయి మాత్రం వేయలేదు.

డిగ్రీ అయ్యాక బిడ్డ ఫ్యాషన్ మార్కెటింగ్ చదువుతానంది. హైదరాబాద్‌లో ఏదో కాలేజీ. పరీక్ష పాసైంది, ఇంటర్వ్యూ మిగిలింది. బట్టలు కుట్టే చదువేమో అనుకున్నాను.

"కుట్టుడు కాదమ్మా, అమ్ముడు."

"అమ్ముడుకు సదువెందుకే? మీ బాపు సైకిల్ మీద ఏసుకపోయి అమ్మలేదా?"

"అందుకే గదా, అన్ని తిరిగి ఇంటికే వచ్చేటియి."

నాకు నవ్వొచ్చింది. ఆయన బేరం చేయలేని మనిషి, అది నిజమే.

ఇంటర్వ్యూలో ఒక బట్ట చూపించి, దాన్ని జనం ఎందుకు కొనాలో చెప్పాలట. ఫొటోలు కూడా చూపించాలట. బిడ్డ అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పుకునేది. కొనడానికి వచ్చినదానిలా నేను స్టూలు మీద కూర్చునేదాన్ని.

"రంగు పోతదా?" అని అడిగేదాన్ని.

"పోదమ్మా."

"అమ్మా అనకు, మేడం అను."

అట్లా నెల రోజులు గడిచాయి. ఆయన పోయాక ఆ ఇంట్లో మాటలు వినిపించింది ఆ నెలే.

ఇంటర్వ్యూకు నాలుగు రోజుల ముందు చెప్పింది. "అమ్మా, రేపు నా దోస్తు కెమెరా తెస్తాంది. బాపు జంపఖానానే సూపిస్త."

నాకు గుబులు పట్టుకుంది. నేతగాళ్ల ఇంట్లో కొనేవాళ్లకు మగ్గం మీది బట్ట చూపించరు. షావుకారు వస్తే ఆయన మగ్గం మీద దుప్పటి కప్పేవాడు. బట్టను కోసి, కొసలు ముడేసి, పైకి లేచిన నూగు కత్తిరించి, అప్పుడు గడప దగ్గర పరిచేవాడు. ఇప్పుడేమో అది దుమ్ము పట్టి ఉంది. పెద్ద కాలేజీ వాళ్లు చూస్తే నా బిడ్డకు నామోషీ అనుకున్నాను.

మరునాడు పొద్దున బిడ్డ ఇంగ్లీషు క్లాసుకు పోగానే కత్తెర పట్టుకున్నాను. మొదటి దారాలు తెగినప్పుడు పడుగంతా ఒక్కసారి వదులైంది. అయినా ఆపలేదు. కొసలు నాలుగు నాలుగు దారాలు కలిపి ముడేశాను. ఉతికాను. మిద్దె మీద ఆరేసి మడత పెట్టాను. మగ్గానికి మిగిలిన దారాలన్నీ లాగి గోనెసంచిలో కుక్కాను. ఆయన పని నేను పూర్తి చేశానని సంతోషపడ్డాను కూడా.

మధ్యాహ్నం బిడ్డ దోస్తును వెంటబెట్టుకుని వచ్చింది. గడపలోనే నిలబడిపోయింది.

"జంపఖానా ఏదమ్మా?"

"ఉతికి మడతపెట్టిన బిడ్డా. సూడు, ఎంత ముద్దుగున్నదో."

బిడ్డ దాన్ని విప్పి చూడలేదు. "గీతలేవి?"

"ఏం గీతలు?"

"బాపు బొగ్గుతోని గీసినయి."

మూలనున్న గోనెసంచిని నేల మీద గుమ్మరించింది. దారాలు ఉండలు చుట్టుకుపోయాయి. అక్కడక్కడా నల్లటి మసి, అంతే. ఒక్కో పోగూ విడదీయబోయి వదిలేసింది. అప్పుడు చెప్పింది. మనిషి ఎక్కడ ఆగిపోయాడో, ఎక్కడిదాకా పోదామనుకున్నాడో ఆ గీతలు చూపించి చెప్పాలనుకుందట. నెల రోజులు ఇంగ్లీషులో చెప్పుకున్నది అదేనట. నాకు అర్థమయ్యే భాష కాదు.

"కొనేటోళ్లకు సగం బట్ట సూపెడ్తరా బిడ్డా?"

"నేను గా సగాన్నే అమ్ముదామనుకున్ననమ్మా."

గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేది. దోస్తు కెమెరా సంచిలోంచి తీయకుండానే మంచినీళ్లు తాగి వెళ్లిపోయింది.

ఇంటర్వ్యూకు ఇద్దరం రైలులో పోయాం. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. బిడ్డ జంపఖానాను కవర్లో పెట్టుకుని లోపలికి పోయింది. తొందరగానే వచ్చేసింది. ఏమన్నారని నేను అడగలేదు. తిరుగు రైలు కాజీపేట దగ్గరికి వచ్చాక తానే చెప్పింది. "రంగులు మంచిగున్నయన్నరు. ఇసొంటియి చానా సూసినమన్నరు."

తర్వాత వచ్చిన లిస్టులో దాని పేరు లేదు.

ఇప్పుడు హనుమకొండలో ఒక చీరల దుకాణంలో చేస్తోంది. రోజంతా ఫోను ముందు నిలబడి, ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకు చీరలు విప్పి చూపిస్తుంది. వచ్చే ఏడు ఆ పరీక్ష మళ్లీ రాస్తానంటుంది. మొన్న అడిగింది, "అమ్మా, నువ్వే మగ్గం ఎక్కి నేయరాదా?" అని. నాకు కండెలకు నూలు చుట్టడం ఒక్కటే వచ్చు. ఇన్నేళ్లూ చుట్టి ఆయన చేతికిచ్చాను. ఆ గీతలు ఎందుకని ఒక్కరోజూ అడగలేదు.

ఇక్కడికి వచ్చేసరికి బిడ్డ రాయడం ఆపింది. "నీ తప్పు కాదని రాయాల్నా?" అంది. వద్దన్నాను.

జంపఖానా మంచం కింద ఉంది. బిడ్డ పనికి పోయాక ఒకసారి పరుచుకుని పడుకున్నాను. నడుము దాకే వచ్చింది.