కిల్యా పుట్టిన మంచు

అన్సెల్మో తొలాబా అర్జెంటీనాకి ఉత్తరాన, ఎండకు మాడే కొండల్లో పుట్టాడు. సైన్యంలో చేరాక దక్షిణధ్రువం మంచు మీది స్థావరానికి బండి కుక్కల కాపరిగా వెళ్ళాడు. ఏడాది ఉండి వచ్చేస్తానన్నవాడు జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయాడు. సెలవులకి ఇంటికొచ్చినా కాలు నిలిచేది కాదు.

"ఆ కుక్కల్లోనే ఒకదాన్ని పెళ్ళాడరాదురా!" అని తల్లి దెప్పేది.

ఆ కుక్కల్లో కిల్యా తుపానులో పుట్టింది. ఈనిన తల్లి తెల్లారేసరికి చలికి బిగుసుకుపోతే, పిల్లని అన్సెల్మో కోటులో దాచుకుని పాలపొడి కలిపి పట్టాడు. తన నాయనమ్మ భాషలో చందమామ పేరే దానికి పెట్టాడు. పెరిగి పెద్దదై అది బండికి ముందు నడిచే కుక్క అయింది.

ఒక వసంతంలో అన్సెల్మో, వంటవాడు లెదెస్మా గడ్డకట్టిన సముద్రం మీదుగా తిరిగొస్తున్నారు. దారి మధ్యలో కిల్యా ఆగిపోయింది. అరిచినా కదల్లేదు, పొట్ట మంచుకి ఆనించి పడుకుంది.

"ఒరే, నీ గారాల కూతురికి ఇంకో రెండు ముద్దులు పెట్టు, ఇక్కడే కాపురం పెడదాం," అని లెదెస్మా విసుక్కుంటూండగానే ముందు మంచు ఫెళ్ళున విచ్చింది. నల్లటి నీళ్ళు కనిపించాయి. అందులోంచి సీల్ అనే సముద్రజంతువు ఒకటి తల పైకెత్తి బుస్సున ఊపిరి వదిలి మునిగిపోయింది.

లెదెస్మా బండి దిగి కిల్యా ముందు మోకరిల్లాడు. "తప్పయిపోయింది తల్లీ," అన్నాడు.

అయితే కుక్కలు తినేది ఆ సీళ్ళనే. కాల్చేవాడు అన్సెల్మోనే. నేల మీద శత్రువంటే తెలియని జంతువులు అవి. మనిషి దగ్గరికొచ్చినా పారిపోవు, తడికళ్ళతో అలా చూస్తూ ఉంటాయి. మొదటిసారి మొహం తిప్పుకుని కాల్చాడు. తరవాత్తరవాత అలవాటైంది. అలవాటు కావడమే అతనికి నచ్చేది కాదు.

ఒకరోజు స్థావరం అధికారి కెప్టెన్ ఇతుర్రాల్దె పిలిపించాడు.

"కూర్చో తొలాబా."

"నిలబడే వింటాను సార్."

"కుక్కల్ని పంపించెయ్యాలట. దేశాలన్నీ కలిసి ఒప్పుకున్నాయి. బయటి జంతువు ఏదీ ఇక్కడ ఉండకూడదు. కుక్కల రోగం సీళ్ళకి అంటుతుందని భయం."

"బయటివా? ఇవి ఇక్కడే పుట్టాయి సార్. బయటినించి వచ్చింది మీరూ నేనూ."

కెప్టెన్ ఆర్డరు కాగితం అతని ముందుకి తోశాడు. "నిజమేనయ్యా. కానీ ఆర్డరు మన మీద రాలేదు," అన్నాడు.

ఓడ ఎక్కే చెక్క మీద కిల్యా అడుగు పెట్టనంది. అన్సెల్మో ఎత్తుకుని ఎక్కించాడు. అర్జెంటీనా దక్షిణపు కొసనున్న ఉషుయాయా రేవులో దిగగానే కుక్కలన్నీ చెట్లని చూసి మొరిగాయి. పుట్టాక చెట్టన్నది చూడలేదు మరి. రేవులో జనం పొట్ట పట్టుకుని నవ్వారు. అన్సెల్మో కూడా నవ్వాడు.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. ఊరికుక్కల జబ్బులు పట్టుకున్నాయి. మంచులో ఏ రోగమూ ఎరగని ఒళ్ళు అవి, తట్టుకోలేకపోయాయి. టీకాలు వేసినా లాభం లేదని పశువుల డాక్టరు చేతులెత్తేశాడు. ఒకదాని వెనక ఒకటి పోయాయి. వాన కురుస్తున్న పెరట్లో, అన్సెల్మో ఒళ్ళో తల పెట్టుకుని కిల్యా కూడా పోయింది.

వేరే పని రాదు గనక అతను మళ్ళీ స్థావరానికే వెళ్ళాడు. ఇప్పుడక్కడ మోటారు బళ్ళు. వసంతం రాగానే ఒక సీల్, ఇదివరకు కుక్కల్ని కట్టేసిన చోటికి దగ్గర్లోనే ఈనింది. లెదెస్మా పిలుచుకెళ్ళి చూపించాడు. తల్లి నోరు తెరిచి వాళ్ళని బెదిరించింది. పిల్ల పట్టించుకోకుండా పాలు తాగుతోంది.

"కాల్చేవాడు లేడని తెలిసిపోయినట్టుంది, ఇంటి ముందుకే వచ్చేసింది," అన్నాడు లెదెస్మా.

అన్సెల్మో మంచులో కూలబడ్డాడు. "దీని మీద కోపం తెచ్చుకుందామనే వచ్చాన్రా. రావట్లేదు," అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. లెదెస్మా పక్కన కూర్చున్నాడు.

ఆ ఏటి ఓడలోనే అన్సెల్మో కొండలకి తిరిగి వచ్చేశాడు. పొరుగింటావిడ ఒంటరివాడని జాలిపడి ఓ కుక్కపిల్లని తెచ్చిస్తే, దాన్ని కాసేపు గుండెకి ఆనించుకుని, "వద్దులేమ్మా, తీసుకుపో," అని ఆవిడ చేతుల్లోనే పెట్టేశాడు.