నెల్లిమర్లనీ అరసవల్లినీ కలిపిన మెర్సీ

పాల్ గారి అమ్మాయి మెర్సీ కష్టపడి గెలిచిన మొదటి పని, నెల్లిమర్ల టెంట్ హౌస్‌ని అరసవల్లి టెంట్ హౌస్‌తో వీపీఎన్ మీద కలపడం. మా పేటలో చాలామందికి ఆ మాట నోరు తిరగదు గానీ పని మాత్రం తెలుసు: ఇంటర్నెట్‌లోనే రెండు ఆఫీసులకీ మధ్య పరాయివాడు తొంగిచూడలేని సొంత దారి వెయ్యడం.

జూట్ మిల్లు కార్మికుడి కూతురు. పదో తరగతిలో బడికి ఫస్టు. పాలిటెక్నిక్‌లో గోల్డ్ మెడల్. చర్చిలో మైకు కూతపెడితే పాస్టరు గారు కబురు పెట్టేది ఈ పిల్లకే. ఇన్ని ఉన్నా, విజయనగరంలో సొంత బోర్డు కట్టాక కెమెరాలు బిగించే పనులే వచ్చాయి. నమ్మి ఆఫీసు పని ఇచ్చిన మొదటి మనిషి జగన్నాధం.

ఆయన నెల్లిమర్లలో, తమ్ముడు దేవేంద్ర అరసవల్లిలో షామియానాలు, వంటపాత్రలు అద్దెకిస్తారు. పోయిన ముహూర్తాల్లో ఉన్న ఒక్క పెద్ద షామియానానీ ఒకే రోజుకి ఇద్దరూ ఒప్పేసుకున్నారు. ఎండలో నిలబడ్డ పెళ్ళివారు తిట్టిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. అందుకే నెల్లిమర్ల కంప్యూటర్లోని బుకింగులు అరసవల్లిలోనూ కనిపించాలి.

"మూఢం ఎల్లేలోగా అయిపోవాల పాపా. ముహూర్తాలొస్తే ఊపిరాడదు. అవ్వకపోతే ఇశాపట్నం కంపినీకి ఇచ్చేస్తాను. అప్పుడు నన్నేటనుకోకు" అన్నాడు జగన్నాధం.

ఇది చేజారితే "ఆ అమ్మాయా? కెమెరాలకైతే సరే" అనే మాట జిల్లా అంతా తిరుగుతుందని మెర్సీకి తెలుసు.

దారి వేసింది. రెండు చోట్లా పచ్చలైటు వెలిగింది. బుకింగులు మాత్రం అరసవల్లిలో తెరుచుకోలేదు.

"అన్నియ్యా, లైటు బాగా ఎలుగుతున్నాది. అది సూపించి పెళ్ళోరిని పంపేమంటావా?" అని దేవేంద్ర ఫోన్లో ఎగతాళి.

మెర్సీ వైర్లు మార్చింది, పాస్‌వర్డులు మార్చింది, వేసిందంతా చెరిపి మళ్ళీ వేసింది. మూఢం వెళ్ళే రోజు దగ్గరపడుతోంది. చివరికి రెండు ఆఫీసుల్లోనూ మిషన్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టే నెట్‌వర్కు నంబర్లు పక్కపక్కన పెట్టి చూసుకుని, నుదురు కొట్టుకుని, నెల్లిమర్లకి ఫోన్ చేసింది.

"బాబాయ్, తప్పు నాదే. రెండు ఆఫీసుల్లోనూ మిషన్లకి ఒకే నంబర్లున్నాయి, కంపెనీ వేసి పంపినవే. అరసవల్లి కంప్యూటరు మీ నంబరు అడిగితే, అది మనింట్లోదే కదా అనుకుని ఇక్కడే ఎతుక్కుంటంది. దారెక్కట్లేదు."

జగన్నాధం పకపకా నవ్వాడు. ఒకప్పుడు రెండు కొట్ల పాత్రల మీదా ఒకే గుర్తు ఉండేది. విందు అయ్యాక ఏ గంగాళం ఎవరిదో తేలక అన్నదమ్ములు కొట్టుకున్నంత పని చేసి, అరసవల్లి వాటి అంచుకి ఎర్రరంగు పూయించారు.

"మరింకేటి? ఆడి మిషన్లక్కూడా రంగు పుయ్యెహె!"

అరసవల్లి నంబర్లన్నీ మార్చడం మొదలెట్టేసరికి బిల్లు మిషనూ ఆగిపోయింది. "ఉన్నది కూడా పీకేసినావేటమ్మా!" అని దేవేంద్ర నెత్తి పట్టుకున్నాడు. మెర్సీ ఒక్కో మిషను నంబరూ మారుస్తూ పోయింది. సాయంత్రానికి బిల్లు మిషనూ నడిచింది, నెల్లిమర్ల బుకింగులూ అరసవల్లి తెర మీద కనిపించాయి.

అప్పుడే ఒక పెళ్ళివారు పెద్ద షామియానా కోసం వచ్చారు. దేవేంద్ర తెర చూసి అన్నకి ఫోన్ చేశాడు.

"అన్నియ్యా, ఆ రోజుకి పెద్దది నువ్విచ్చేసినావు. నేను సిన్నవి రెండు కలిపి ఇస్తన్నాను. ఈసారి తిట్లుండవు."

"ఒరే, కిందటిసారి అవన్నీ పడింది నేనురా!"

మూఢం ఇంకా వెళ్ళనేలేదు. జగన్నాధం ఊరుకోక తన వియ్యంకుడికీ చెప్పాడు. ఆయనకి పాతపట్నంలో ఒక రైసు మిల్లు, పర్లాకిమిడిలో ఒకటి. ఆ రెంటినీ కలపడానికి మెర్సీ ఇప్పుడు పర్లాకిమిడిలో ఉంది. కెమెరాల మాట ఎవరూ ఎత్తలేదు. పాల్ గారు అడిగిన వాళ్ళకీ అడగని వాళ్ళకీ చెబుతున్నారు, అమ్మాయి తిరిగొచ్చేది మార్చి ఎనిమిది, ఆదివారం అని.