చెట్టు నీడలో రాంచో

పక్కింటి పెద్దాయన పోయారు. మా చాండ్లర్ కాలనీ ఇళ్ళ సంఘం ఈమెయిల్ పంపితే తెలిసింది. "మన రాంచో కుటుంబం ఒక పెద్దను కోల్పోయింది" అని రాశారు. ఒళ్ళు మండింది. ఆ పెద్దాయనకి నోటీసు పంపిందీ ఈ కుటుంబమే.

మా కాలనీ గేటు మీద ఇత్తడి అక్షరాలతో రాంచో అని ఉంటుంది. లోపల ఆవు లేదు, గుర్రం లేదు. ఉన్నదల్లా మా సాఫ్ట్‌వేర్ మంద. ఆయన మాత్రం నిజమైన పశువుల రాంచోల్లో వంట చేసి రిటైరైన మనిషి. రోజూ మధ్యాహ్నం ఇంటి ముందు చెట్టు నీడలో పొడుగు బల్ల వేసి, వీధిలో చెట్లు కత్తిరించే పనివాళ్ళకి రాజ్మా వండి పెట్టేవారు.

ఓసారి నన్నూ పిలిచారు.

"రాంచో అంటే పశువుల పొలం అనుకున్నావా అమిగో? అది తర్వాత. మా స్పానిష్‌లో మొదట్లో సిపాయిలు వరసగా కూర్చుని ఒకే కుండలోది తినేవాళ్ళు. ఆ తిండి రాంచో. పక్కన వేసుకున్న గుడిసె రాంచో. దాని చుట్టూ పశువులు చేరాక అదీ రాంచోయే. పోర్చుగీసువాళ్ళు ఇప్పటికీ సిపాయిల భోజనాన్ని అలాగే అంటారు."

"మా ఊళ్ళో బంతిభోజనం అంటాం."

"మరి నిలబడ్డావేం? వరస చెడగొట్టకు, కూర్చో."

ఆ బల్ల వల్ల వీధి అందం చెడుతోందని సంఘం నోటీసిచ్చింది. పది ఇళ్ళవాళ్ళు సంతకం పెడితే ఉంచుకోవచ్చట. కాగితం పట్టుకుని ఆయనే తిరిగారు.

"మనకెందుకంకుల్? గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఏ పేపర్‌లోనూ పేరుండొద్దు" అన్నాడు నాతో ఎదురింటి కుర్రాడు.

నాకు సిటిజన్‌షిప్పే ఉంది. అయినా జేబులు తడుముకుని "పెన్ లేదు సర్" అన్నాను.

ఆయన చెవిమీది పెన్ తీసి చూపించారు. నేను చెయ్యి చాచలేదు. మళ్ళీ చెవిమీదే పెట్టుకున్నారు.

"రేపు పప్పు తీసుకురా. ఉప్పు తక్కువ వెయ్యి" అన్నారు, అంతే.

ఆ రేపు రాలేదు. సంతకాలు పది కాలేదని సంఘం బల్ల తీసేయించింది. పనివాళ్ళు ఎవరి ట్రక్కులో వాళ్ళు తిన్నారు. రెండు నెలలకి ఆయన గుండె ఆగింది. నోటీసుకీ గుండెకీ సంబంధం లేదని నాకూ తెలుసు. కోపానికి తెలియడం లేదు. అందులో సగం నా మీదే.

అంత్యక్రియలైన మర్నాడు వాళ్ళమ్మాయిని అడిగి ఆ బల్ల తెచ్చి మా ఇంటి ముందు వేశాను. పనివాళ్ళు ముగ్గురు వచ్చి కాసేపు నిలబడి, తర్వాత వరసగా కూర్చున్నారు.

నిన్న నాకూ నోటీసొచ్చింది. ఈసారి పేపర్‌లో నా పేరుంది, స్పెల్లింగ్‌తో సహా కరెక్టుగా. దాన్ని బల్లమీద పరిచి వేడి పప్పుగిన్నె దించాను. భోజనాలయ్యాక గిన్నె ఎత్తితే, నోటీసు పైన అచ్చువేసిన రాంచో అన్న పేరు చుట్టూ గుండ్రంగా పచ్చటి మరక.